అమ్మ ఎడమ చెయ్యి

మొన్న మా మనవరాలు నేల మీద బోర్లా పడుకుని బొమ్మ గీస్తోంది. మూడేళ్లు నిండని గుంట. ఆకుపచ్చ రంగు కడ్డీ ఎడమచేత్తో పట్టుకుని, నాలుక బయటపెట్టి, ఏనుగో కొబ్బరిచెట్టో తెలియని దాన్నొకదాన్ని తెగ దిద్దుతోంది. వంటింట్లోంచి వచ్చిన మా కోడలు వంగి, ఆ కడ్డీని మెల్లగా ఎడమచేతిలోంచి తీసి కుడిచేతిలో పెట్టింది. "ఇలాగ బంగారూ" అంది. కసరలేదు, కొట్టలేదు. మంచి పిల్ల. పాప ఒక్క క్షణం తన రెండు చేతులూ చూసుకుంది. కడ్డీ కింద పడేసి లేచి వెళ్లిపోయింది.

నేను అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తున్నాను. "ఉండనీయమ్మా" అందామని నోరు తెరిచాను. కన్నీళ్లు వచ్చాయి. కోడలు కంగారుపడి, "ఏటైంది అత్తా, కంట్లో ఏదైనా పడిందేటి?" అని కొంగు తడుపుకుని వచ్చింది. ఏం చెప్పను? టెక్కలిలో పుట్టి పెరిగిన పిల్ల, మా పాత సంగతులు ఎరగదు. చెప్పాలంటే మా అమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మా అమ్మ బొమ్మల టీచరు. ఉద్దానంలో, సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఉన్న మా ఊరి హైస్కూల్లో డ్రాయింగ్ నేర్పుతూ అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరైన మనిషి. తండ్రికి నేర్పింది, కొడుక్కి నేర్పింది, కొన్ని ఇళ్లల్లో మనవడికి కూడా కుండ, చెంబు, అరటిగెల గీయడం ఆమే నేర్పింది. బోర్డు మీద తేదీ, పాఠం పేరు కుడిచేత్తో రాసేది. అక్షరాలు అచ్చు గుద్దినట్టుండేవి. ఆ తర్వాత సుద్దముక్క ఎడమచేతిలోకి మారేది. మారగానే క్లాసంతా ముందుకు వంగేది. ఒక్క గీతతో కోడిపెట్ట లేచి నిలబడేది. ఇంకో నాలుగు గీతలకి దాని వెనకాల పిల్లలు పరిగెత్తేవి. నేనూ ఆ క్లాసులో కూర్చున్నదాన్నే. మా అమ్మ అని గర్వం ఒకపక్క, ఎవడైనా నవ్వుతాడేమోనని భయం ఒకపక్క.

అమ్మ పుట్టుకతో ఎడమచేతి వాటం. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఆ అలవాటు మాన్పించడానికి చెయ్యని పని లేదట. వేపాకు నూరి పూసిందట. చెయ్యి నడుముకి గుడ్డతో కట్టిందట. చివరికి పచ్చి జీడిపిక్క చితక్కొట్టి ఆ జిడ్డు మూడు వేళ్ల కొనలకి రాసిందట. జీడిపిక్క తొక్కలోంచి కారే ఆ నల్లటి జిడ్డు ఒంటికి తగిలితే పొక్కి, తోలు ఊడి వస్తుంది. మా వైపు పిల్లలకి పెదాల మీదో బుగ్గ మీదో దాని మచ్చ ఒకటి ఉండనే ఉంటుంది, దొంగతనంగా పిక్కలు కాల్చుకు తిన్నందుకు గుర్తుగా. అమ్మకి మాత్రం ఎడమచేతి వేళ్ల మీద ఉండేది. చూసినవాళ్లు రంగు అంటుకుందనుకునేవారు. అమ్మమ్మది పగ కాదు, భయం. ఎడమచేతి పిల్లని ఎవడు చేసుకుంటాడని భయం. ఆ మంట తగ్గేసరికి అమ్మ కుడిచేత్తో తినడం నేర్చింది, కుడిచేత్తో రాయడం నేర్చింది. బొమ్మ గీయడం మాత్రం ఆ చేతికి ఎంతకీ రాలేదు.

పెళ్లయ్యాక సంగతి తెలిసి మా నాన్నమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. "ఒలే పిల్లా, ఆ సెయ్యి నా వంటింట్లోకి రాకూడదు. దేవుడి గూటికాడికి రాకూడదు. నీ బొమ్మలేటో పెరట్లో పాకలో ఏసుకో, నాను అడ్డం సెప్పను." పెరట్లో జీడిపిక్కలు ఆరబెట్టే తాటాకు పాక ఒకటుండేది. అది అమ్మకి బొమ్మల గది అయింది. గుమ్మం దాటి పాకలో అడుగుపెట్టగానే కుంచె ఎడమచేతిలోకి మారేది. తిరిగి ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆ చెయ్యి కొంగులో దాగేది. చాలా ఏళ్ల వరకూ అందరి అమ్మలూ అలాగే చేస్తారని నేననుకున్నాను.

నాన్నమ్మ చెడ్డదేమీ కాదు. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, పక్కింటి వాళ్ల దగ్గర "మా కోడలు గవుర్మెంటు టీచరు, తెలుసేటి?" అని గొప్పలు పోయేది. కోడలికి నెత్తినొప్పి వస్తే కొబ్బరినూనె వేడిచేసి తనే రాసేది. కానీ చెయ్యి విషయంలో కొండ కదిలినా ఆవిడ కదలదు. ఆవిడని ఉడికించడానికి నేను కావాలని ఎడమచేత్తో అన్నం కలిపేదాన్ని. వీపు విమానం మోత మోగేది. "మీయమ్మ సాలదా, నువ్వొకత్తివి తయారైనావేటి గుంటా!" అని నన్ను తిట్టిన తిట్టు, పొయ్యి దగ్గరున్న అమ్మకి తగిలేది. అమ్మ తల ఎత్తేది కాదు. నాన్న పలాసలో జీడిపప్పు బట్టీలో గుమస్తా. వారానికొకసారి, చొక్కా నిండా కాలిన తొక్కల పొగ వాసనతో వచ్చేవాడు. వాళ్లమ్మ ఎదుట ఆయన పెదవి విప్పగా నేను చూడలేదు.

ఒక ఎండాకాలం నాకు బాగా గుర్తు. జీడిపళ్లు రాలి తోటలన్నీ పులిసిన తీపి వాసన కొడుతున్నాయి. పనసకాయలు పగిలి ఈగలు ముసురుతున్నాయి. బడికి సెలవులు. పొద్దున్నే చోడి అంబలి, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప తిని తోటల్లోకి పారిపోవడం, పొద్దు వాలాక మూతి నల్లగా చేసుకుని రావడం మా పని. అప్పుడు మా ఇంటికి రేవు నుంచి చేపలు తెచ్చే మావ ఒకడు వచ్చాడు. చుట్టం కాదు గానీ మాకందరికీ మావే. తట్ట దించి, అమ్మతో "టీచరమ్మా, కొత్త నావ దించుతన్నాం. మూతి మీద ఓ బొమ్మ ఏసి పెట్టవా?" అన్నాడు.

అది ఇల్లూ కాదు, దేవుడి గూడూ కాదు. ఇసక మీద నావ. నాన్నమ్మకి అడ్డుచెప్పడానికి ఏమీ దొరకలేదు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

నావకి జీడితొక్క నూనె పట్టించి ఉంది. ఉప్పునీటికి చెక్క పుచ్చకుండా పూస్తారు. ఆ ఘాటుకి ముక్కు మండిపోయింది. అమ్మ కొంగు బిగించి, ఎడమచేత్తో కుంచె పట్టుకుని, గుంపు మధ్యలో నిలబడి గీయడం మొదలుపెట్టింది. ఒక ముసలామె "ఓలమ్మ, ఎడంసేత్తో ఏత్తందే!" అంది. అమ్మ చెయ్యి ఆగిపోయింది. మావ నవ్వి, "నడిసంద్రంలో వల లాగీటప్పుడు ఏది కుడో ఏది ఎడమో ఎవుడు సూత్తాడే? నువ్వు కానీ టీచరమ్మా!" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. సాయంత్రానికి నావ మూతికి అటొకటి ఇటొకటి పెద్ద చేపలు, పొలుసు పొలుసూ ఎండకి మెరుస్తూ తయారయ్యాయి. పిల్లలు వాటిని తడిమి తడిమి చూశారు. కవళ్ల చేపల పులుసు, వేడన్నం ఇసకలోనే కూర్చుని తిన్నాం. ఇంటికొచ్చే దారంతా అమ్మ ఎడమచెయ్యి బయటే ఉంది. నేనే దాన్ని పట్టుకుని నడిచాను. వెచ్చగా, కాస్త గరుకుగా ఉంది.

ఆ నావ మీది చేపలే కొంప ముంచాయి. వాటి సంగతి ఊళ్లో పాకింది. ఆ ఏడే అమ్మవారి గుడికి కొత్తగా గోడలు లేపారు. సంబరం నాటికి లోపలి గోడ మీద అమ్మవారి బొమ్మ ఉండాలని అనుకున్నారు. ఊరి పెద్ద ఒకాయన ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "నావ మీద ఏసింది సూసినాం తల్లీ. అమ్మోరి బొమ్మ నువ్వే ఎయ్యాల" అని, మిగతా మాట అనలేక నాన్నమ్మ వైపు చూశాడు.

నాన్నమ్మే అందుకుంది. "అమ్మోరికి ఎడంసెయ్యి తగల్దు బాబూ. కుడిసేత్తోనే ఏత్తాది. నాను దగ్గరుండి సూసుకుంటాను."

"అత్తా, కుడిచేత్తో నాకు బొమ్మ రాదు" అంది అమ్మ, గుమ్మం వెనక నుంచి.

"అచ్చరాలు రాత్తన్నావు కదేటే! అమ్మోరంటే నీకు అచ్చరాలపాటి సెయ్యదేటి?"

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఆదివారం నాన్న వస్తే ఆయన ముఖం వైపు చూసింది. ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. వెయ్యననడానికి లేదు. అమ్మవారి పని కాదంటే ఊరు ఊరుకోదు. అన్నిటికీ మించి, ఆ గోడ మీద బొమ్మ వెయ్యాలని అమ్మకి ప్రాణం పీకేసేది. కాగితం, పాక గోడ, ఆ ఒక్క నావ తప్ప ఊరందరూ చూసే చోట బొమ్మ వేసే అదృష్టం ఆమెకి అంతవరకూ పట్టలేదు.

గుడిలో నేను కొబ్బరి చిప్పల్లో రంగులు పట్టుకుని కూర్చున్నాను. నాన్నమ్మ ఎదురుగా పీట వేసుకుని కాపలా. అమ్మ బొగ్గు కుడిచేత్తో పట్టుకుంది. పుల్లలు పేర్చినట్టు అక్షరాలు రాసే చెయ్యి, గుండ్రని ముఖం దగ్గరికి వచ్చేసరికి గీతని పక్కకి లాగేసింది. చెరిపింది. మళ్లీ గీసింది. మళ్లీ చెరిపింది. గోడంతా మసి. చెమట ధారగా కారుతుంటే తుడుచుకోవడానికి కూడా ఎడమచెయ్యి ఎత్తలేదు. దాన్ని చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకుని నిలబడింది.

మధ్యాహ్నం ఎండకి నాన్నమ్మ కునుకు తీసింది. నోట్లో చుట్ట ఆరిపోయి వేలాడుతోంది. చుట్టుపక్కల పురుగు లేదు. నేను అమ్మ దగ్గరికి పాకి, "అమ్మా, నాన్నమ్మ పడుకుండిపోయింది. ఎడంచేత్తో వేసీయే, బేగి!" అన్నాను. ఇంత చక్కటి దొంగతనం దొరికితే ఎవరు వదులుకుంటారు? అమ్మ ఎడమచెయ్యి బయటికి తీసింది. వేళ్ల వైపు చూసుకుంది. అమ్మవారి సగం ముఖం వైపు చూసింది. ఆ చెయ్యి మళ్లీ కుచ్చిళ్లలోకి వెళ్లిపోయింది.

"వద్దే. గుడి" అంది.

అప్పుడు నాకు అమ్మ మీద కోపం వచ్చింది. కాపలా మనిషి నిద్రపోతున్నా ఆమెకి స్వేచ్ఛ లేదని అర్థమయ్యే వయసు కాదు నాది. ఇప్పుడు అర్థమవుతోంది, అయి ఏం లాభం?

సంబరం రోజుకి బొమ్మ పూర్తయింది. మెడ ఒకవైపు వాలిపోయి, చెంపలు ఉబ్బి, మా క్లాసులో వెనక బెంచీ పిల్లాడు వేసినట్టుంది. డప్పులు మోగుతుంటే జనం వచ్చి చూసి, ఏమనాలో తెలియక చెంపలు వేసుకుని వెళ్లారు. నాన్నమ్మ ఒక్కతే "బాగుంది, లచ్చనంగా ఉంది" అని అందరికీ చెప్పింది. చేపల మావ మాత్రం మనసులో మాట దాచుకోలేని మనిషి. "ఇది మన టీచరమ్మ ఏసిన బొమ్మేనేటి? ఇంకెవుడో ఏసుంటాడు" అన్నాడు గట్టిగా. అమ్మ వెనకాలే పసుపునీళ్ల బిందెతో నిలబడి ఉంది. ఆమె విన్నదని అతనికి తెలియదు.

ఆ బొమ్మ చాలా ఏళ్లు ఆ గోడ మీదే ఉంది. ఏటా సంబరానికి అమ్మ వెళ్లేది. తను పాడుచేశాననుకున్న ముఖం ముందు నిలబడి దణ్ణం పెట్టుకునేది. దిద్దుతానని ఎవరినీ అడగలేదు. ఎలా అడుగుతుంది, ఏ చేత్తో దిద్దుతుంది?

తర్వాత కాలం తన పని తాను చేసుకుపోయింది. నాన్న పోయాడు. నాన్నమ్మ మంచాన పడితే చివరిదాకా చాకిరీ చేసింది అమ్మే. ఆ మంచంలో కూడా ఆవిడ, అన్నం పెడుతున్నది ఏ చెయ్యో చూసుకుని మరీ నోరు తెరిచేది. ఆవిడ పోయాక అమ్మ పాకలోంచి వసారాలోకి వచ్చింది. మేము పెళ్లిళ్లయి వెళ్లిపోయాం. అప్పుడే ఆమెకి అసలైన పని వచ్చిపడింది. మా ఉద్దానంలో నడివయసు మనుషులు నడుంనొప్పి అని, కాళ్లకి నీరు పట్టిందని పడుకుని లేవకుండా పోవడం మా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. కిడ్నీలని ఆ తర్వాత తెలిసింది. పోయినవాళ్లకి సరైన ఫొటో ఉండేది కాదు. రేషన్ కార్డు మీది మసక ముఖం పట్టుకుని భార్యలు అమ్మ దగ్గరికి వచ్చేవారు. "కొంచెం నవ్వుతున్నట్టు ఎయ్యమ్మా, నవ్వీవోడు" అనేవారు. అమ్మ వాళ్లని కూర్చోబెట్టి, ఆ మనిషి ఎలా నడిచేవాడో, ఎలా కోప్పడేవాడో అడిగి తెలుసుకుని, ఎడమచేత్తో వాడిని కాగితం మీద మళ్లీ కూర్చోబెట్టేది. చుట్టుపక్కల ఊళ్లల్లో ఎన్ని గోడల మీద దండలేసుకుని ఆమె బొమ్మలున్నాయో నాకు తెలియదు. చేపల మావది కూడా ఆమే వేసింది.

చివరికి ఆ జబ్బు ఆమె దగ్గరికీ వచ్చింది. డెబ్భై దాటాక వచ్చిందని, ఇన్నాళ్లు ఆగిందని సంతోషించమన్నారు. డయాలసిస్ తప్పదన్నారు. దానికి ముందు చేతిలో నరాలు రెండు కలిపి కుడతారు. ఫిస్టులా అంటారు. మా ఊళ్లో చంటిపిల్లలకి కూడా ఆ మాట తెలుసు. ఎక్కువగా వాడని చేతికే పెడతారు. పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. లోపలికి రోగిని ఒక్కరినే రమ్మన్నారు. నేను బయట మందుల వరుసలో నిలబడ్డాను. డాక్టరు అడగాల్సిన మాట అడిగాడు, ఏ చేత్తో తింటారు, ఏ చేత్తో రాస్తారు అని. కుడి అంది అమ్మ. రెండూ నిజమే.

బయటికి తీసుకొచ్చినప్పుడు కట్టు ఎడమచేతికి ఉంది. డాక్టరు దగ్గరికి పరిగెత్తి చెప్పాను. ఆయన మంచివాడే, కేసు కాగితాలు మళ్లీ తిరగేశాడు. "ముందే చెప్పాల్సిందమ్మా" అన్నాడు. కుడిచేతి నరాలు సన్నం, ఈ వయసులో మళ్లీ కొయ్యడం కుదరదన్నాడు. అయినా వేళ్లకి ఇబ్బంది అందరికీ రాదు, చూద్దాం అన్నాడు.

అమ్మకి వచ్చింది. మోచేతి కింద నరం తాడులా ఉబ్బింది. చెయ్యి వేస్తే లోపల జుయ్యిమని కొట్టుకునేది. రక్తమంతా అక్కడే మళ్లిపోయి వేళ్లకి సరిగ్గా అందేది కాదు. వేళ్లు చల్లబడ్డాయి, తిమ్మిరెక్కాయి. కుంచె పెడితే జారిపోయేది. నేను తీసి ఇచ్చేదాన్ని, మళ్లీ జారేది. ఒకావిడ మొగుడి ఫొటో పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడితే, అమ్మ ఆ ఫొటో ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసి, తిరిగి ఇచ్చేసింది. "సెయ్యి బాగయ్యాక వత్తాను లెండి టీచరమ్మా" అంది ఆవిడ. ఇద్దరికీ తెలుసు. రోజులు గడిచాక అమ్మ కుంచె అడగడం మానేసింది. ఎర్రటి మెత్తటి బంతి ఒకటి ఇచ్చి పిసకమన్నారు. బడిపిల్లలా బుద్ధిగా పిసికేది.

నేను చేయగలిగింది ఏమీ లేదు. వేళ్లు రుద్దాను, నూనె రాశాను, వేడినీళ్ల సీసా పెట్టాను. ఏ డాక్టరు పేరు చెబితే ఆ డాక్టరు దగ్గరికి తిప్పాను. అందరూ ఒకటే మాట: చెయ్యి కావాలంటే ప్రాణం ఉండదు, ప్రాణం కావాలంటే చెయ్యి ఇంతే.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. నిండుగా బతికిందన్నారు పరామర్శకి వచ్చినవాళ్లు. ఆమె దగ్గర అరటిగెల గీయడం నేర్చుకున్న వాళ్లు, తలలు నెరిసినవాళ్లు, పాడె వెనకాల నడిచారు. అదంతా నిజమే. కానీ నాకు కంటిముందు కదిలేది ఒక మధ్యాహ్నం. పలాసలో డయాలసిస్ గది. వరసగా మంచాలు, అన్నిటి మీదా మా ఉద్దానం వాళ్లే. కిటికీలోంచి జీడిబట్టీల పొగ వాసన. అమ్మ ఎడమచెయ్యి దిండు మీద చాచి ఉంది, రెండు సూదులు గుచ్చి ఉన్నాయి, కదపకూడదు. నేను ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని వేళ్లు రుద్దుతున్నాను. అన్నాళ్లూ లోపల పెట్టుకున్న మాట అడిగేశాను.

"ఆ రోజు డాక్టరు అడిగినప్పుడు నీకు గుర్తు రాలేదా అమ్మా?"

"గుర్తొచ్చింది" అంది.

నా చేతులు ఆగిపోయాయి. "మరి చెప్పలేదేం?"

అమ్మ పక్క మంచం వైపు చూసింది.

"అంత పెద్ద డాక్టరు. పక్కన నర్సమ్మలు, డాక్టరీ చదువుకునే పిల్లలు నిలబడున్నారు. అందరి ముందూ ఎడమచేతి మనిషినని ఎలగ చెప్పనే? సిగ్గేసింది."

ఆ మాట చెప్పేటప్పుడు కూడా, పక్క మంచం ఆవిడకి వినపడుతుందేమోనని గొంతు బాగా తగ్గించి చెప్పింది.